ఉతకని కోటు

గ్రీన్‌హౌస్‌లో ఎర్రబడుతున్న టమాటాల మధ్య అత్తా కోడళ్ళు నిలబడి ఉన్నారు.

"దుమ్మేమో అత్తయ్యా."

"దుమ్ముకి కాళ్ళుంటాయా? ఆకు కింద తెల్లకాగితం పెట్టి మళ్ళీ తట్టు. అదిగో, ఎలా పాకుతున్నాయో చూడు. ఎర్రనల్లి."

"మందు కొడదాం."

"రేపో మాపో కొయ్యాల్సిన కాయల మీదా? ఎవరు తింటారే? ఈ కాపు పోతే మనకింకో ఆధారం లేదు."

"తెలుసు."

"అసలెలా వచ్చిందంట? చుట్టూ వల ఉంది. రెండు తలుపులూ ఒకేసారి తియ్యం. అందులోనూ ఈ ఒక్క దారి పొడుగునా, భుజం ఎత్తులో."

"గాలికేమో."

"గాలి భుజం ఎత్తు చూసుకుని వీస్తుందా? సాయంత్రాలు ఇటెవరు తిరుగుతున్నారు?"

"నేనే. నీళ్ళ గొట్టాలు చూడ్డానికి."

"లోపల వేసుకునే ఉతికిన కోటుతోనేగా?"

"ఆయన కోటుతో."

"పాత షెడ్డులో వేలాడేదా? నల్లి పట్టిన వంగమొక్కలు పీకి పడేసిన చోట?"

"ఆయన తగిలించిన మేకుకే ఉంచాను. చోటు మార్చబుద్ధి కాలేదు."

"బయటి బట్టలతో లోపలికొస్తే కన్నతల్లినని కూడా చూడకుండా కసిరేవాడు. వాడి కోటుతోనే తెచ్చావా తల్లీ."

"అది వేసుకుంటే నా వెనకాలే నడుస్తారత్తయ్యా. చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. నేను ఆగితే ఆగుతుంది."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఈ ఆకులన్నీ తుంచి సంచిలో కట్టేద్దాం. ముందా కోటు వేడినీళ్ళలో వెయ్యి."

"ఆకులు తుంచుతాను. కోటు వద్దు. ఉతికితే ఆయన వాసన పోతుంది. నాకు మిగిలింది అదొక్కటే."

"మరి కాయలు? వాడు ఒక్కో కమ్మీ మోసి కట్టిన పందిరే ఇది. ఇదీ పోనా? ఏడవకు. నాకు మాత్రం లేదా కడుపుకోత? పద షెడ్డుకి. ఉతికేముందు నన్నూ ఒక్కసారి వాసన చూడనీ."

"మెల్లిగా అత్తయ్యా, ఇక్కడ గడప ఉంది. ఇదుగోండి. కాలరు దగ్గర చూడండి, అక్కడెక్కువ."

"ఏదీ, ఇటియ్యి."

"ఉంది కదూ?"

"దీన్ని రోజూ తొడుక్కుంటున్నావా?"

"ఆయన పోయినప్పట్నించీ. ఏం?"

"ఏం లేదు. ఇలా కూర్చో."

"చెప్పండి."

"వాడి వాసన ఎప్పుడో పోయిందమ్మా. ఇదంతా నీదే."

"మరి ఇన్నాళ్ళూ నా వెనక నడిచిందెవరు?"