ఏడాది పతకం

వ్యాసర్పాడి చర్చి వెనకగదిలో తాగుడు మానినవాళ్ళ కూటం మొదలవబోతోంది. ఏడాదిగా చుక్క ముట్టని లేత్ పనివాడికి ఈ పూట పతకం ఇస్తారు. కూటం పెద్ద అతన్ని పక్కకు పిలిచాడు.

"ముందు ఆ పిచ్చాసుపత్రి మాత్రలు మానెయ్ తమ్ముడూ. అవీ మత్తే."

"కాదన్నా. చెవిలో గొంతులు వినబడకుండా ఇచ్చినవి. తాగమని నన్ను తరిమింది ఆ గొంతులే."

"మేమంతా మాత్రల్లేకుండానే మానలేదా?"

"మీకు గొంతులు వినబడలేదు గదా. ఈ ఏడాదికి ముందర ఒకసారి మీ మాట విని మాత్రలు పారేస్తిని. బ్రాందీ షాపు ముందర పడుంటే ఈడికి ఎత్తుకొచ్చింది మీరే."

"మాత్ర మింగేవాడికి పతకం లేదు. అది ఈ కూటం రూలు."

అతను జేబులోంచి మాత్ర తీశాడు.

"పతకం మీకాడే ఉండనీండన్నా. వచ్చేవారం గూడా వస్తా, ఈ కుర్చీలోనే కూర్చుంటా. ఇప్పుడు ఒక గ్లాసు నీళ్ళియ్యండి."