ప్రపంచానికి నేనేసిన అతుకు

ప్రింటింగ్ షాపాయన అక్క సాయంత్రం ఐదింటికల్లా కాలేజీలో థీసిస్ ఇచ్చెయ్యాలి. షాపులో ఆ ఫైలు తెరిస్తే, అంకెల పట్టికలున్న పేజీ రాగానే టపీమని మూసుకుపోతోంది. మెషీను కాస్త చల్లారనీ అంటూ అక్కని అక్కడే కూర్చోబెట్టి, షాపాయన బావని టీ కొట్టుకి లాక్కొచ్చాడు.

"కంగారు పడకు బావా. ఈ జబ్బు నాకు కొత్త కాదు. ఈ సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుంది కదా, దీనికి ఓనరంటూ ఎవడూ ఉండడు. లోపం కనిపిస్తే ఎవరైనా చెప్పొచ్చు, చేతనైతే బాగుచేసి పంపొచ్చు. ఆమధ్య ఇలాంటి పట్టిక జబ్బే చూసి ఓ ముక్క రాసి పడేశాను. అంతే, తయారుచేసేవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారు, మా వల్ల కావట్లేదు, మీరే దారి చూపించండి మహాప్రభో అని. సరే పోనీ అని, టీ చల్లారేలోపు ఓ అతుకు వేసి పంపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టైము చూడరా," అన్నాడు బావ.

"చూస్తున్నా, విను. ఎక్కడో ఓ దేశంలో ఆర్థికమంత్రి బడ్జెట్ చదువుతుంటే సరిగ్గా పట్టిక దగ్గర ఫైలు మూసుకుపోయింది. సభ సభంతా నోరెళ్ళబెట్టింది. నా అతుకు అందాకే ఆయన మిగతా పన్నులు వేశాడు. సరుకు లెక్క తేలక నడిసముద్రంలో ఆగిన ఓడలు కదిలాయి. అప్పట్నుంచీ నేను ఊఁ అంటే గానీ కొత్త వెర్షన్ బయటికి రాదు. మొన్న నాకు జ్వరమొస్తే ప్రపంచం మొత్తానికి ఒక్క అప్‌డేట్ లేదు."

"తుమ్మితే?" అనడిగాడు టీ కొట్టాయన.

"ఒంటి తుమ్మైతే కాసేపు ఆగుతాయి. అది కాదు నా బాధ. నా బాధల్లా ఈ జనంతోనే. అతుకు వేసేదాకానే మన పని, ఎవడి మెషీనులోకి వాడే దించుకోవాలి. కొత్తది వచ్చిందని తెర మీద ఓ మూల కనిపిస్తూనే ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే పోయేదానికి, తర్వాత చూద్దాంలే అంటారు. వండి, వడ్డించి, నోట్లో పెడితే నమలడానికి బద్ధకం. ఇలాంటివాళ్ళ కోసం నా ఒళ్ళు హూనం చేసుకోవాలా, నువ్వే చెప్పు."

"పొద్దున నీ షాపులో ఆ మూల కనిపించేదాన్ని నేను నొక్కబోతే చేతి మీద ఒక్కటి వేశావు."

"పనిచేసే మెషీన్ని కెలక్కూడదు బావా."

"అది పనిచెయ్యట్లేదు కదరా."

అంతలో బావ ఫోను మోగింది. అక్క. కూర్చుని కూర్చుని ఒళ్ళు మండి, పెన్ డ్రైవ్ పీక్కుని వీధి చివరున్న ఇంకో షాపుకి పోయిందట. వాళ్ళ దగ్గర కొత్త వెర్షన్ ఉందట. పట్టికలతో సహా అచ్చయిపోయింది, బైండింగు కూడా అవుతోంది.

షాపాయన ఛాతీ విరుచుకున్నాడు. "చెప్పానా, అది నా అతుకే."

బావ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అయ్యుంటుందిలే. ప్రపంచమంతా చేరిందిరా, నీ షాపుకి తప్ప."