ఆ స్ట్రెచర్ ఇంకా గేటు దగ్గరే ఉంది

అందరికీ దండం. కూర్చున్నవాళ్లకి, చోటు లేక గోడకానుకున్నవాళ్లకి, డ్యూటీ మధ్యలో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ నర్సమ్మలకి కూడా. ఆస్పత్రి పెద్దలు మాట్లాడారు. పెద్ద డాక్టరమ్మ పోవడం తీరని లోటు అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. తీరని లోటని తేల్చేసి మనం ఇళ్లకు పోతే, రేపు పక్షవాతం వచ్చి పడిపోయేవాడి గతేంటి?

నేను సెలూన్ నడుపుకునేవాణ్ణి. సంతకం పెట్టడం వచ్చు, బోర్డులు చదవడం వచ్చు, అంతే చదువు. గడ్డం గీయడంలో మాత్రం ఈ ఊళ్లో నన్ను మించినవాడు లేడు. కోతలు కాదు, మీలో సగం మంది చెంపలే సాక్ష్యం.

డాక్టరమ్మ ఈ ఊరికి రాకముందు మా తమ్ముడికి పక్షవాతం వచ్చింది. ఇదే ఆస్పత్రికి మోసుకొచ్చాను. స్కానింగ్ మిషను ఉంది. తలలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు అలమారలో ఉంది. డాక్టరూ ఉన్నాడు, మంచివాడే, బాగా చదువుకున్నవాడే. కానీ ఆ మందు ఎప్పుడూ తన చేత్తో ఇచ్చి ఎరగడు. ఇవ్వాలా వద్దా అని ఎవరికో ఫోన్ చేశాడు. అలమార తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. స్కానింగ్ బల్ల మీద కాలు విరిగినాయన ఉన్నాడు. అందరూ పరిగెత్తారయ్యా, కళ్లారా చూశాను, ఒక్కరూ ఊరికే నిలబడలేదు. కానీ ఒకరు ఇటు పరిగెడితే ఒకరు అటు. మందు ఇచ్చే వేళ దాటిపోయింది. తమ్ముడు మాట లేకుండా మంచాన పడి, ఆ మంచంలోనే పోయాడు.

అన్నీ ఉన్నాయి. ఏం లేదు? అలవాటు లేదు!

తర్వాత, డాక్టరమ్మ వచ్చాక, నా వంతు. ఒకాయనకి గడ్డం గీస్తుంటే చేతిలో కత్తి జారిపోయింది. ఆయన నురగ మొహంతోనే నన్ను ఆటోలో వేసుకొచ్చాడు. అదిగో మూడో వరసలో కూర్చున్నాడు, మీరంతా అరగడ్డం అని పిలుస్తారే, ఆయనే. గేటు దగ్గర వాచ్‌మన్ వంకరపోయిన నా మూతి చూసి గంట కొట్టాడు. లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నారు. స్కానింగ్ బల్ల ఖాళీ చేశారు. డాక్టరమ్మ చేతులకి గ్లౌజులు తొడుక్కుని సిద్ధంగా ఉంది. తొడ నరంలోంచి సన్నటి తీగ పోనిచ్చి, తలలో ఉన్న గడ్డ లాగేసింది. అప్పటికి బయట తన మొహం మీద నురగ ఇంకా ఆరలేదంటాడు అరగడ్డం. కొంచెం ఎక్కువ చెప్తాడు లెండి. ఆ మిగతా సగం మాత్రం ఇంకొకడి చేత గీయించుకోకుండా ఆగాడు. కొన్నాళ్లకి ఇదిగో, ఈ చేత్తోనే గీశాను.

అప్పుడు డాక్టరమ్మ నాకో పని పెట్టింది. "బాబాయ్, వారానికోసారి వచ్చి మళ్లీ పడిపోతావా?" అంది. రిహార్సల్ అన్నమాట. గేటు దగ్గర స్ట్రెచర్ మీద మూతి వంకర పెట్టుకుని పడుకునేవాణ్ణి. గంట, లిఫ్టు, బల్ల, మందు, అన్నీ నిజంగా జరిగినట్టే. "రోగులు రాని వారం చేతులు మొద్దుబారతాయి. నా ఒక్కదాని చెయ్యి బాగుంటే చాలదు, వాచ్‌మన్ చెయ్యి కూడా బాగుండాలి" అనేది. నా మూతి చూసి "బాబాయ్, ఇవాళ నీ పక్షవాతం కుదరలేదు" అని ఏడిపించేది.

పోయిన వారం రిహార్సల్లోనూ నేను స్ట్రెచర్ మీదే ఉన్నాను. పక్కన నడుస్తూ చెబుతున్న డాక్టరమ్మ మాట ముద్దగా వచ్చింది. చేతిలో పెన్ను పడిపోయింది. మూతి ఒక పక్కకి జారింది. అందరం ఏం చేశాం? నవ్వాం! నాకు నటన నేర్పుతోందనుకున్నాం. హెడ్ నర్సమ్మ ఒక్కతే నవ్వలేదు. "బాబాయ్, దిగు!" అని అరిచింది. నేను దిగాను. నా ఒంటి వేడి ఆరని ఆ పక్క మీదే ఆమెను పడుకోబెట్టారు.

గంట మోగింది. లిఫ్టు ఆగింది. మందు ఎక్కింది. అన్నీ ఆమె నేర్పినట్టే జరిగాయి. కానీ గడ్డ పెద్దది, కరగలేదు. తీగతో లాగాలి. ఈ ఊళ్లో ఆ పని ఒంటిచేత్తో చెయ్యగలిగింది ఎవరు? ఆ బల్ల మీద పడుకున్న మనిషే! చిన్న డాక్టరమ్మ పక్కన నిలబడి నేర్చుకుంటోంది గానీ, ఒంటరిగా ఎప్పుడూ చెయ్యలేదు. సిటీకి తీసుకుపోదామన్నారు, కబురు విని వచ్చిన పెద్ద డాక్టరమ్మ అన్నగారు. ఎంత దూరమో మీకు తెలుసు, చేరేసరికి ఏం మిగులుతుంది? మాట పోయిన పెద్ద డాక్టరమ్మ, బాగున్న ఎడమ చేత్తో చిన్న డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

చిన్న డాక్టరమ్మ చేసింది. గడ్డ వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మెదడు దెబ్బతింది. మనిషి దక్కలేదు.

ఇప్పుడు చిన్న డాక్టరమ్మ ఈ పని మానేసి వెళ్లిపోతానంటోంది. పెద్దలేమో, ఇకమీదట పక్షవాతం వాళ్లందర్నీ సిటీకే పంపుదామంటున్నారు. అంటే మళ్లీ మా తమ్ముడి రోజులేనా? నాకు ఇంకోసారి రావచ్చని డాక్టరమ్మే చెప్పింది. భయంగా ఉందయ్యా. చెప్పుకోవడానికి సిగ్గేంటి?

తల్లీ, చిన్న డాక్టరమ్మా, ఆ చివర తల వంచుకుని నిలబడ్డావు, విను. నాకు కత్తి నేర్పింది మా మేనమామ. నేర్చుకోమని తన చెంపే ఇచ్చాడు. తెగింది. రక్తం తుడుచుకుని రెండో చెంప తిప్పాడు. మీ మేడం తన తలే ఇచ్చింది కదమ్మా నీకు! నీకెంత వచ్చో, ఎంత రాదో ఆమె కంటే తెలిసినవాళ్లెవరు? తెలిసే పట్టుకుంది ఆ చెయ్యి. ఆ చెయ్యి తీసుకుని ఎక్కడికి పోతావు? నేను జన్మలో ఎవర్నీ బతిమాలలేదు. నిన్ను బతిమాలుతున్నాను.

ఇవాళ మన రిహార్సల్ రోజు. స్ట్రెచర్ గేటు దగ్గరే ఉంది, వచ్చేటప్పుడు చూశాను. ఈ సభ కాగానే పోయి దాని మీద పడుకుంటాను. గంట ఎవరు కొడతారో, లిఫ్టు ఎవరు ఆపుతారో, నా దగ్గరికి ఎవరొస్తారో నాకు తెలీదు. ఎవరూ రాకపోతే అక్కడే పడి ఉంటాను.

లేవండి. అందరూ లేచి నిలబడండి. అరగడ్డం, నువ్వూ లే. ఆమె కోసం కాసేపు ఎవరం మాట్లాడొద్దు.