లోపల ఎంత వేడి?

దుత్తలూరు దగ్గర ఒక కోళ్ల షెడ్డు. మే నెల మధ్యాహ్నం. షెడ్డు పక్కనే ప్యానెల్ గది. అందులో షెడ్డు యజమాని రామనారాయణ, ఆత్మకూరు నుంచి వచ్చిన టెక్నీషియన్ మధులత.

"మరి స్క్రీన్ మీద ఇరవై తొమ్మిది డిగ్రీలే చూపిస్తా ఉండాది గదమ్మాయ్!"

"చూపిస్తా ఉండాదన్నా. అందుకే ఎనిమిది ఫ్యాన్లలో రెండే తిరగతా ఉండాయి. ఈ సెన్సార్ కొత్తదా?"

"పోయిన వారం పిడుగుకి పాతది పోయింది. నెల్లూరులో కొనుక్కొచ్చి నేనే బిగించినా. రెండు వైర్లే గదా."

"బిగించడం సరిగానే బిగించినారు. మాడ్యూల్‌లో సెట్టింగ్ మార్చినారా?"

"మాడ్యూలంటే?"

"ఇదిగో, ఈ డబ్బా. సెన్సార్ పంపేదాన్ని చదివి, ఫ్యాన్లకి ఆర్డరేసేది ఇదే. కొత్త సెన్సార్ నూరు డిగ్రీల లెక్కలో పంపతా ఉండాది. ఇదేమో పాతదాని డెబ్బై లెక్కలోనే చదవతా ఉండాది. అది నూరంటే ఇది డెబ్బై అనుకుంటాది."

"అంటే?"

"అంటే ఇరవై తొమ్మిది కాదన్నా. నలభై దాటింది."

"ఏందమ్మా నువ్వు, బెదిరిస్తా ఉండావు! మార్చు మరి, ఊరికే మాట్లాడతా ఉంటే ఎట్లా?"

"మారిస్తే డబ్బా ఆగి మళ్లీ మొదలవతాది. ఒక నిమిషం ఆ రెండు ఫ్యాన్లూ ఆగిపోతాయి."

"ఆగితే కోళ్లు చస్తాయి! వద్దు. వద్దు వద్దు. వేరే దావ చూడు."

"చేత్తో ఆన్ చేసే స్విచ్చి ఉండాలే?"

"పీకేయించినా. పనోళ్లు ఊరికే ఆడిస్తా ఉంటే."

"అట్లయితే వేరే దావ లేదు. లోపల మనుషులెవరన్నా ఉండారా?"

"కోళ్లుండాయి."

"మనుషులన్నా, మనుషులు."

"మా ఆమె ఉండాది. నీళ్లు చల్లతా ఉండాది."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నించి... మధ్యలో ఒకసారి వచ్చింది, కళ్లు తిరగతా ఉండాయని. స్క్రీన్ చూపించినా. ఇరవై తొమ్మిదికే కళ్లు తిరగతాయా అంటే, బకెట్ తీసుకోని మళ్లీ లోపలికి పోయింది."

"లెయ్యన్నా! ముందు ఆమెను బయటికి తీసకరా!"

"రాఘవా! ఒసే రాఘవమ్మా, బయటికి రా! ...పలకదేందిది?"

"తలుపు తియ్యి. అమ్మో, ఏం ఆవిరి! అదుగో, ఆ మూల!"

"రాఘవా! ఏమైందే? కళ్లు తెరువు! ఒళ్లు పెనం మాదిరి కాలతా ఉండాదమ్మాయ్!"

"కాళ్లు నువ్వు పట్టుకో, భుజాలు నేను పడతా. నీడకి, ఆ వేపచెట్టు కింద. చీర మీద నీళ్లు పొయ్యి. ఇంకా పొయ్యి! మెడ మీద తడిగుడ్డ పెట్టు."

"రాఘవా, నాకేసి చూడు. ఒక్కసారి చూడు..."

"నువ్వు విసరతా ఉండన్నా. నేను సెట్టింగ్ మార్చి వస్తా."

"అమ్మాయ్, ఫ్యాన్లు ఆగిపోయినాయే! చప్పుడు లేదు!"

"చెప్పినా గదా, ఆగతాయని. కోళ్ల సంగతి నాకొదిలెయ్యి, నువ్వు ఆమెను చూడు!"

"కన్ను కదిలింది! కదిలింది అమ్మాయ్!"

"విసరతా ఉండు... మొదలైంది. నాలుగు తిరిగినాయి... ఆరు... ఎనిమిదీ తిరగతా ఉండాయన్నా!"

"స్క్రీన్ మీద ఎంతుండాది?"

"నలభై రెండు."

"నలభై రెండా!"

"అన్నా, కూర్చోవద్దు. కారు తియ్యి. ఉదయగిరి ఆసుపత్రికి పోదాం."

"ఏమయ్యా... కోళ్లు..."

"వదినా! మాట్లాడతా ఉండారా? తలుపులోంచి చూసొచ్చినా, కొన్ని పోయినాయి వదినా. మిగతావి లేచి నిలబడతా ఉండాయి. మీరు కదలవద్దు."

"రాఘవా, నాకు తెలీలేదే. ఆ డబ్బా అట్ల చెప్పిందని నేను... పద, నేను పట్టుకుంటా, ఆసుపత్రికి పోదాం."

"వస్తాలే. ఏమయ్యా, రేపట్నించి లోపల నీళ్లు నువ్వు చల్లు. ఈ అమ్మాయి దగ్గర నేర్చుకోని, ఆ స్క్రీన్ ముందర నేను కూచుంటా."