ఆదినారాయణ మామకు నోటికొచ్చిన ఇరవై లక్షల హ్యాష్‌లు

షంషాదక్క జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు వైరస్ తగిలి రెండు దినాలైంది. పదేండ్లుగా ఆమె తయారుచేసిన పెండ్లికార్డులన్నీ అందులోనే ఉండాయి. బాగుచేస్తానని ఆదినారాయణ మామ మాటిచ్చినాడని, సీపీయూను గోనెసంచిలో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్టాండు కాడి టీ అంగడికి వచ్చింది. మామ గ్లాసు అందుకుని మొదలుపెట్టినాడు.

"ఇదేమంత పని షంషాదూ. ప్రతి ఫైలుకూ వేలిముద్ర మాదిరి అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన ఒక పొడుగు నంబరుంటాది, హ్యాష్ అంటారు. ఫైల్లో ఒక్క చుక్క మారినా నంబరంతా మారిపోతాది. తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల హ్యాష్‌లన్నిటికీ ఒక పట్టీ ఉండాది, దాంతో పోల్చుకుంటే ఏది అసలుదో తేలిపోతాది. పోయినేడు జమ్మలమడుగులో మా తోడల్లుడి కంప్యూటర్‌ను అట్లనే బాగుచేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పట్టీ చేతబట్టుకుని పులివెందుల బస్సెక్కి చదవడం మొదలుపెడితే, ముద్దనూరు దాటకముందే ఇరవై లక్షల హ్యాష్‌లు నోటికొచ్చేసినాయి."

"కండక్టర్ టికెట్ అడగలేదా మామా?" అన్నా నేను, పక్క బల్ల మీద టీ తాగుతా.

"యాడ అడుగుతాడు సుధీరూ, ఆయప్ప గూడా నోరు తెరుచుకుని వింటాంటే. తర్వాత బెంగళూరులో ఎవరిదో పట్టీ చెరిగిపోతే నాకే ఫోను. నేను చెప్తాంటే రాసుకోలేక ముగ్గురు టైపిస్టులు మంచం పట్టినారు. ఇప్పుడైతే పట్టీతో పనేలేదు. లింగాలలో నేలకు చెవి ఆనించి, తుమ్మలపల్లె గనిలో ఏ ఫైలు తెరిచినారో చెప్పినా. హ్యాష్ ఒక్కటి చెప్పండి, అందులో ఏముందో, ఎవరు రాసినారో, రాసేనాడు ఏం తిన్యారో చెప్తా. నీ కంప్యూటర్లో గూడా అంతే షంషాదూ, నాకు తెలిసినవి ఉంచుతా, తెలియనివన్నీ తుడిచేస్తా."

షంషాదక్క చెయ్యి సంచి మీదనే ఆగిపోయింది. తన పెండ్లికార్డులు ఆయనకు తెలిసిన లెక్కలోకి వస్తాయో రావో అని మెల్లగా అడిగింది. తనకు తెలియంది యాడుందని మామ నవ్వేసినాడు.

నేను ఫోన్లో ఒక ఫైలు చేసి, దాని హ్యాష్ తీసి, డి నాలుగు ఒకటి డి ఎనిమిది అంటూ ముప్పై రెండక్షరాలూ చదివినా. మామ కండ్లు మూసుకున్యాడు.

"శానా పెద్ద ఫైలప్పా ఇది. పులివెందుల ఇంజినీరొకాయన మూడేండ్లు కష్టపడినాడు. రాసేనాడు పొద్దున్నే సంగటి తిని కూచున్యాడు."

"మామా, ఇది ఖాళీ ఫైలు. ఒక్క అక్షరం గూడా లేదు. ఏమీ రాయని ఫైలు ఎవరు చేసినా, యాడ చేసినా, ఇదే హ్యాష్ వస్తాది."

టీలో ఈగేదో పడినట్టు మామ వేలితో గ్లాసులో కెలికినాడు. షంషాదక్క గోనెసంచిని ఒళ్లోకి లాక్కుని మూతి బిగించి కట్టింది.

"కంప్యూటర్ సంగతి ఉండనీలే అన్నా," అనింది. "ఆ ఇంజినీరు సంగట్లోకి ఏం నంజుకున్యాడో అది చెప్పు, చాలు."