గోతంలో పాత సామాను

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన మౌలాలీ మెకానిక్ షెడ్డు. ముందుభాగం నుజ్జయిన తెల్లకారు ఒకటి రేకుల కింద పడి ఉంది. శావల్యాపురం రైతు యల్లమంద భుజాన మోసుకొచ్చిన గోతాన్ని ఆ కారు పక్కనే దించాడు. మిట్టమధ్యాహ్నం. షెడ్డులో వాళ్లిద్దరే.

"నేను కూర్చోటానికి రాలేదు. ఆ స్టూలు నువ్వే వేసుకో."

"అది కాదు బాబాయ్, ఎండన పడొచ్చావు. కాసిని మంచినీళ్లన్నా..."

"నీళ్లూ వద్దు. మా సాయి పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. నీ షెడ్డులో నీళ్లు తాగానని తెలిస్తే మీ పిన్ని నన్ను గడప తొక్కనియ్యదు."

"ధనమ్మ పిన్నికి ఎట్టా ఉంది?"

"తుంటి ఎముక అతికిద్దన్నారు. తతిమ్మా సంగతి డాక్టర్లకేం తెలుసు? ఆమె కళ్లు తెరిచేసరికి కొడుకుని కాల్చి కూడా వచ్చాం. ఏం, నోరు పడిపోయిందా? పోలీసుల ముందు బానే లేచిందంట గదా. 'కొత్త సామానుకని డబ్బులు తీసుకుని బ్రేకులకి ఆ బండిలోంచి తీసిన పాత సామానే మళ్లీ బిగించా' అని కాగితం మీద రాసిచ్చావంట."

"తప్పు నాదే బాబాయ్."

"అడక్క ముందే ఆ మాట. ఊళ్లో అందరికీ అదే మాట. సద్ది మూట కట్టుకుని తిరుగుతున్నట్టు ఆ మాట కట్టుకుని తిరుగుతన్నావు."

"ఇంకేం చెప్పమంటావు? కేసు పెట్టారు. కోర్టు ఏమంటే దానికి కట్టుబడి ఉంటా. తప్పు నాదే."

"నేను కేసు కోసం రాలా. ముడుపు కోసం వచ్చా."

"ఏ ముడుపు?"

"ఏ ముడుపేందిరా? రెండేళ్ల కింద వాడికి కామెర్లు ముదిరి, ఆస్పత్రోళ్లు కూడా చేతులెత్తేస్తే, మల్లన్నకి మొక్కుకుని మీ పిన్ని కట్టిందే, ఆ ముడుపు. పసుపుగుడ్డలో టెంకాయ, పదకొండు రూపాయి బిళ్లలు, గుప్పెడు బియ్యం. అది శ్రీశైలంలో అప్పజెప్పటానికే గదా వాడు ఈ దిక్కుమాలిన కారు కొన్నది!"

"పిన్ని బస్సులో మోకాళ్లు ముడవలేదని కొన్నాడు."

"అదేలే. 'అమ్మను కాళ్లు చాపుకోబెట్టి తీసుకుపోతా' అన్నాడు. చిలకలూరిపేట డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్లు తిరిగి తిరిగి కీళ్లరిగిన బండి. మా అమ్మాయి రోహిణి కన్నా రెండేళ్లు పెద్దది. చూసిందెవరు? నువ్వే. తట్టి, కొట్టి, ఇంజనుకి చెవి ఆనించి విని, 'మనిషి మంచోడే బాబాయ్, ముసలోడు, అంతే' అన్నావు."

"నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నా?"

"'దీనికి పోసే డబ్బుతో గేదెను కొంటే పాలన్నా ఇచ్చిద్ది' అన్నావు. సాయి పడీపడీ నవ్వాడు. 'గేదె మీద శ్రీశైలం పోదామా నాన్నా' అన్నాడు."

"... అన్నాడు గదా."

"అన్నాడు."

"మూడు నెల్లు నీ చుట్టూనే తిరిగాడు. ఇవాళ రేడియేటరు కారుతోందని, రేపు సెల్ఫు పట్టటం లేదని. ఆదివారం వచ్చిందంటే అన్నం నీ ఇంట్లోనే. సరే, అయ్యన్నీ ఇప్పుడెందుకు? ముడుపు ఇయ్యి, పోతా."

"నా దగ్గర లేదు బాబాయ్. ఘాట్లో ఎక్కడన్నా పడిపోయిందేమో. అద్దాలన్నీ పగిలినయ్ గదా."

"పోలీసులు లేదన్నారు. క్రేనోళ్లు లేదన్నారు. నువ్వూ లేదంటన్నావు. మీ పిన్ని పచ్చి మంచినీళ్లు కూడా మింగట్లా. 'మొక్కు రెండేళ్లు ఆపా, అందుకే స్వామి వాణ్ణి తీసుకున్నాడు, ముడుపన్నా చేరిస్తే నేను పోయేటప్పుడు మొహం చూపించగల్ను' అంటంది. వాడి ప్రాణం కోసం కట్టిన ముడుపు. వాడే పోయాక ఎవరికియ్యాలో, ఎందుకియ్యాలో నాకూ తెలవట్లా. పొద్దున దీపం పెట్టేటప్పుడు స్వామిని అడిగా. ఆయనేం చెప్తాడు? అయినా ఇచ్చిన మాట ఇచ్చినట్టే గదా."

"ఇంకో ముడుపు కడితే సరిపోదా బాబాయ్?"

"నీకు తెలవదు, ఊరుకో. కట్టింది కట్టిందే. దానికి మారు ఉండదు. సరే. ఇంకో మాట అడుగుతా. వాడి ఫోను అద్దం పగిలింది గానీ పని చేస్తంది. రోహిణి తెరిచి చూపించింది. ఆఖరి ఫోను నీకే చేశాడు. దోర్నాల్లో టీ తాగటానికి ఆగినప్పుడు. రెండు నిమిషాలు మాట్లాడావు. ఏం మాట్లాడావు?"

"ఏదో... బండి సంగతే."

"బండి సంగతి ఏంది?"

"వేడెక్కట్లా గదా, నీళ్లు చూశావా అని... అంతే. ఘాటు ఎక్కబోతన్నా అన్నాడు. రెండో గేరులో పో, దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడబాక అన్నా."

"బ్రేకు సంగతి చెప్పావా?"

"చెప్పా."

"పాత సామాను వేసిందీ చెప్పావా? వేసినోడివి భయపడాల గదా! అప్పటికన్నా నోరు తెరిచి 'ఒరేయ్ సాయీ, ఎక్కబాక, వెనక్కి రా' అనాల గదా! అన్లేదే?"

"తప్పు నాదే అంటన్నా గదా బాబాయ్, ఇంకా ఎందుకు పొడుస్తావు?"

"ఆ గోతం మూతి విప్పు."

"ఏముంది అందులో?"

"విప్పి చూడు. నీ సామానే."

"... ఇయ్యి ఇంకా దాచావా?"

"నేను నాగళ్ల కాలం నుంచి ఉన్నోణ్ణి. ట్రాక్టరు రిపేరుకి ఇచ్చినా, ఇంజను రిపేరుకి ఇచ్చినా, తీసేసిన పాత ముక్క నా చేతిలో పడందే మెకానిక్కుకి డబ్బులియ్యను. మార్చాడో మార్చలేదో ఇంకెట్టా తెలుస్తది? నీకూ అదే చెప్పా. నువ్వు నవ్వావు. 'నన్ను గూడా నమ్మవా బాబాయ్' అని నవ్వి, అన్నీ ఏరి గోతంలో వేసిచ్చావు. చెప్పు, పైకి చెప్పు. అదేంది?"

"మాస్టర్ సిలిండరు."

"అయ్యి?"

"వెనక షూలు. ముందు ప్యాడ్లు."

"ఆ రబ్బరు గొట్టాలు?"

"బ్రేకు హోసులు. బాబాయ్, ఇప్పుడియ్యన్నీ..."

"నాలుగు చక్రాల పాత సామానూ మా ఇంటి అటక మీద ఉంటే, నువ్వు ఆ బండికి బిగించిన పాత సామాను ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? రాత్రి పురికొసల కోసం అటకెక్కితే ఈ గోతం కాలికి తగిలింది. తెల్లారిందాకా దీని ముందే కూర్చున్నా. ఎందుకు అబద్ధం రాసిచ్చావు? బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు? గొట్టాలన్నీ తెగినయ్, ఏ సంగతీ తేలదు అన్నాడు. ఆయన తేలదంటే నువ్వు ఎదురెళ్లి నా తప్పే అన్నావు. ఊళ్లో ఒక్కడు నీ దగ్గరికి బండి తేవట్లా. రేపు జైల్లో పెడితే నీ పెళ్లాం రషీదా, పిల్లలు ఏమైపోవాల?"

"రషీదా ఏమన్నా చెప్పిందా?"

"నిన్న మా ఇంటికొచ్చింది. మీ పిన్ని మంచం దగ్గర కూర్చుని ఏడ్చి, పోతా పోతా నన్ను వాకిట్లోకి పిలిచింది. 'బీరువా మీద పసుపుగుడ్డలో ఏదో పెట్టాడు మామయ్యా, నన్ను ముట్టుకోనియ్యట్లా, తను ముట్టుకోట్లా, చూసినప్పుడల్లా ఏడుస్తాడు' అంది."

"చెప్పొద్దన్నా దానికి."

"ఎక్కడుంది?"

"బాబాయ్, నా మాట విను. పోయిందనే అనుకో. లోయలో పడిపోయిందని పిన్నికి చెప్పు."

"ఎక్కడుందిరా?"

"... ఇక్కడే ఉంది. పొద్దున తెచ్చా. ఎక్కడ పారెయ్యాలో తెలవక, పారెయ్యటానికి చేతులు రాక."

"ఇట్టా తే. తే అంటన్నానా!"

"ఇదిగో. బాబాయ్, గుడ్డ అట్టా తిప్పబాక. తిప్పబాక."

"ఈ నల్ల చారలేంది? పసుపుగుడ్డ మీద గీతలు గీతలుగా... గ్రీజు చేత్తో ముట్టుకున్నావా?"

"అవును. నా చెయ్యే."

"చెయ్యి కాదు ఇది. చేతి గుర్తు నాకు తెలవదా? అడ్డంగా, వరసగా ఉన్నయ్, రబ్బరు గీతల్లాగా. టెంకాయ గూడా నెర్రెలిచ్చింది."

"బాబాయ్, ఇంటికి పోదాం పద. నేను స్కూటరు మీద దించుతా."

"ఒరేయ్ మౌలాలీ. నా మొహం చూసి చెప్పు. ఇది నీకు ఎక్కడ దొరికింది? కారులోనా?"

"కారులోనే."

"కారులో ఎక్కడ?"

"... డ్రైవరు కాళ్ల దగ్గర. బ్రేకు పెడలు కింద. క్రేనోళ్లు బండి దించినాక నేనే తలుపు వంచి చూశా. పెడలు ఎందుకు దిగలేదా అని చూశా. ఇరుక్కుపోయి ఉంది. వాడు ఎంత బలంగా తొక్కాడో ఆ గీతలే చెప్తన్నయ్. బాబాయ్. కూర్చో. ముందు కూర్చో. ఇదిగో, స్టూలు."

"దీన్ని ముందు పెట్టింది ఎవరో తెలుసా నీకు?"

"ఎవరైతే ఏంది? అయిపోయింది."

"నేను. ఈ చేత్తో. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నయ్, మబ్బు పట్టింది, నేను రాలేను మీరు పోయి రండి అన్నా. మీ పిన్ని వెనక సీటు నిండా కాళ్లు చాపుకుంది. సాయి ముడుపు తీసుకుని 'అమ్మ పక్కన పెడతా నాన్నా' అన్నాడు. కాళ్ల దగ్గర పెడతారంట్రా దేవుణ్ణి అని కసిరా. 'పోనీ డిక్కీలో' అన్నాడు. చెప్పులూ స్టెప్నీ ఉన్న చోటా, సిగ్గులేదా అన్నా. నేనే తువ్వాలు మడిచి, అద్దం కింద డాష్‌బోర్డు మీద పెట్టా. స్వామి ముందుండి దారి చూపిస్తాడన్నా. వాడు మెల్లిగా అన్నాడు, 'దొర్లుద్దేమో నాన్నా' అని. ఆ మాటకి నేనేమన్నానో తెలుసా?"

"వద్దు బాబాయ్."

"'నమ్మకం ఉన్నోడికి దొర్లదు' అన్నా."

"ఏడవబాక. బాబాయ్... నువ్వు మంచికే పెట్టావు."

"మంచికే పెట్టా. మంచికే. ఏ పురుగు మందో తాగించి చంపినా ఇంత బాధ ఉండదు గదరా. వాడి ప్రాణానికి కట్టిన దాన్ని తీసుకెళ్లి వాడి కాళ్ల కింద పెట్టా."

"అందుకే చెప్పలా. నీకూ తెలవగూడదు, పిన్నికి అసలే తెలవగూడదు. తను కట్టిన ముడుపే అడ్డం పడిందని తెలిస్తే ఆమె బతికిద్దా? కొడుకూ పోయి, దేవుడూ పోయి ఆమెకేం మిగులుద్ది? మెకానిక్కు మోసం చేశాడంటే తిట్టుకుంటానికి ఒక మనిషన్నా ఉంటాడు."

"పద."

"ఎక్కడికి?"

"స్టేషనుకి. ఈ గోతం, ఈ ముడుపు రెండూ వాళ్ల బల్ల మీద పెట్టి, బ్రేకులు మంచియ్యే, తప్పు నాది అని చెప్తా. నీ కాగితం చింపెయ్యమంటా."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"ఆ కాగితం అట్టాగే ఉండనీ. తప్పు నాదే."

"మళ్లీ అదే మాటా! గోతం చూశావు, ముడుపు చూశావు, ఇంకా తప్పు నాదంటావేంది? నువ్వు నా కడుపున పుట్టలేదు, నా చుట్టానివి కాదు. నా పాపం నెత్తినేసుకుని జైలుకి పోవాల్సిన ఖర్మ నీకేందిరా?"

"నీ పాపం కాదు బాబాయ్, నాదే. పేపరు మీద కారణం మార్చి రాశా, అంతే."

"ఏం మాట్లాడతన్నావు నువ్వు?"

"దోర్నాల్లో ఆ రెండు నిమిషాలు... బండి సంగతి కాదు."

"మరి?"

"'అన్నా, మార్కాపురం కాణ్ణుంచి ముడుపు అటూ ఇటూ దొర్లుతోంది, ఘాట్లో వంపులున్నయ్, తీసి అమ్మ దగ్గర పెట్టనా?' అని అడిగాడు. మీ దేవుడి వస్తువు, తియ్యమనటానికి నాకు నోరు రాలా బాబాయ్. 'పెద్దాయన పెట్టింది, కదిలించబాక, అట్టాగే పోనీ' అన్నా."