ఇంతెకాల్ అంటే

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. సంఘంలో తిరిగాడని పట్టుకుపోయిన కొడుకును చూడడానికి నల్లగొండ జైలుకు వెళ్లిన ఆమె, చూడకుండానే తిరిగివచ్చి పానగల్ దారిలో కూర్చున్న ముసలాయన పక్కన కూలబడింది.

“ఉర్దూల నాకు తెల్వని మాట లేదు బిడ్డా. నవాబులు సుత నన్ను అడిగినంకనే నోరు తెరుస్తరు. చెప్పు, జైలు జవాను ఏమన్నడు?”

“నీ కొడుకు ఇంతెకాల్ అయిండన్నడు మామా. అని తల దించుకున్నడు. గట్లంటే ఏంది?”

ఆ మాట తాను ఎక్కడెక్కడ విన్నాడో ముసలాయనకు అన్నీ గుర్తుకొచ్చాయి. వాటిలో ఒక్కదాన్నే ఏరుకున్నాడు.

“గంతేనా. పట్వారి కాడ రోజూ వినే మాటనే. భూమి ఒకరి పేరు మీదికెల్లి ఇంకొకరి పేరు మీదికి పోతే ఇంతెకాల్ అంటరు. మారుడన్నట్టు.”

“అంటే పిలగాన్ని వేరే జైలుకు మార్చిండ్రా?”

“ఆ, గుల్బర్గాకు. ఆడ రొట్టెకు నెయ్యి పూసి పెడతరట. గుండ్రాయి లెక్క తయారైతడు, నువ్వే గుర్తుపట్టవు.”

ఆమె నవ్వబోయి ఆగింది.

“మా వాడకట్టు జన్నత్ బీ పెనిమిటి సచ్చిపోయిన నాడు సుత గదే మాటన్నరు మామా. ఆయనకు భూమి లేకపాయె.”

ముసలాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోసాగాడు.

“నీకు ఉర్దూ నిజంగ వచ్చా?”

“ఏడొస్తది. పట్వారి చావడి ఊడ్చుకుంట నాలుగు మాటలు ఏరుకున్న.”

“మరి మారుడన్నది?”

“అది నిజమే బిడ్డా. మనిషి పోయినా గట్లనే అంటరు, ఈ లోకంకెల్లి మారిండని. గుల్బర్గా ఒక్కటే నేను కల్పించిన.”